బావి గొలుసు ఎర్రబడింది

ఫిబ్రవరి 2

ఈ డైరీ కొత్త సంవత్సరానికి కంపెనీ వాళ్ళు ఇచ్చింది. ఆయన తెచ్చి నా ఒళ్ళో పడేసి, "నాకెందుకు, నువ్వు రాసుకో. నోట్లోంచి రానివి ఇందులోకైనా వస్తాయేమో" అన్నారు. నన్ను ఏడిపించడం ఆయనకి సరదా. నెలంతా అలమరలో పడి ఉంది. అయిదో తరగతితో ఆగిపోయిన చదువు నాది. అయినా చదివేది నేనే కదా, తప్పులున్నా సిగ్గెందుకు?

పెళ్ళై ఏడాది కావస్తోంది. ఈ కంపెనీ ఇళ్ళ వరసలో నన్ను పలకరించనివాళ్ళు లేరు. నేను తిరిగి పలికింది మాత్రం ఇద్దరితోనే, ఆయనతో, పక్కింటి కుట్టుమిషనక్కతో. అత్తయ్యతో మాట్లాడే అవసరం రాదు. ఇద్దరి వంతూ ఆవిడే మాట్లాడేస్తారు.

ఫిబ్రవరి 5

ఈరోజు ఆయన పనిబట్టలు ఉతికాను. ముందు సోడా కలిపిన నీళ్ళలో వెయ్యాలి. బుస్సుమని పొంగుతుంది. ఆ పొంగు అణిగేదాకా చెయ్యి పెట్టకూడదు. కొత్తలో తెలియక నా బట్టలతో కలిపి నానబెట్టాను. ఆరేశాక చూస్తే పెళ్ళిబట్టలకి చుక్కలు చుక్కలుగా బొక్కలు.

"చొక్కా కాదమ్మాయ్ ఇది, జల్లెడ. పిండి జల్లించుకోవచ్చు" అంటారు అత్తయ్య. ఆ మాట వరస చివరి ఇంటిదాకా వినిపిస్తుంది. అందరూ ఆవిణ్ణి రేడియో అంటారు. ఆవిడకీ తెలుసు. "రేడియో లేకపోతే మీకు వార్తలెక్కడివి?" అంటారు.

బట్టలు చూస్తే ఆయన ఆ రోజు ఎక్కడ పని చేశారో నాకు తెలిసిపోతుంది. పచ్చటి మరకలుంటే రాళ్ళగుట్ట దగ్గర. గులాబిరంగువైతే కోబాల్టు తొట్ల దగ్గర. నీళ్ళు భూమిలోకి ఇంకకుండా నేలంతా నల్లటి ప్లాస్టిక్ షీటు పరిచి, గనిలోంచి వచ్చిన రాయిని చితక్కొట్టి దాని మీద గుట్టగా పోస్తారట. పైన సన్నటి పైపులు పరిచి చుక్కలు చుక్కలుగా ఆసిడ్ నీళ్ళు వదులుతారట. ఆ నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి దిగుతూ రాగినీ కోబాల్టునీ కరిగించుకుని కింద కాలవలోకి, అక్కడి నుంచి చెరువులోకి వస్తాయి. ఒకసారి పాస్ ఇప్పించి ఆ చెరువు చూపించారు. అంత నీలం నేను ఏ బట్టలకొట్లోనూ చూడలేదు. తర్వాత షెడ్డులో రాగిని రేకులుగా తీస్తారు. మిగిలినదాంట్లోంచి కోబాల్టు. ఆయన పని పైపులు. చుక్క ఆగిన చోట విప్పి ఊదడం, గాలికి లేచిన చోట సర్దడం.

"మేం రాయిని కడిగితే రాగి వస్తోంది. నువ్వు రోజూ చొక్కాలు కడుగుతావు, ఏమొస్తోంది?" అన్నారు ఒకసారి.

"బొత్తాలు" అన్నాను.

ఎంత నవ్వారో.

ఫిబ్రవరి 9

నా జడపిన్ను గురించి రాసుకోవాలనిపించింది.

పెళ్ళైన కొత్తలో నా తలలోంచి ఒక పాత పిన్ను లాక్కుపోయారు. పైన నలుపంతా ఊడి ఇనుము కనిపిస్తుండేది. సాయంత్రం వచ్చి గుప్పిట విప్పితే ఎర్రగా ధగధగమంటోంది. "బంగారం కొనే స్తోమత లేదు, రాగితో సరిపెట్టుకో" అన్నారు. చెరువు నీళ్ళలో ముంచితే చాలట, ఇనుము మీద రాగి వచ్చి కూర్చుంటుందట.

"మరి అక్కడున్న ఇనుమో?"

"అది నీళ్ళలోకి పోతుంది. ఒకరు లేస్తేనే కదా ఇంకొకరు కూర్చునేది. బస్సులో సీటు లాగా."

అప్పటి నుంచీ రోజూ పెట్టుకుంటున్నాను. తలస్నానానికి మాత్రం తీస్తాను.

ఫిబ్రవరి 13

కుట్టుమిషనక్కకి నెల తప్పింది. నాకొక్కదానికే చెప్పింది. ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లు కుడుతూ, నోట్లో సూది పెట్టుకునే చెప్పింది.

"ఏమే మూగీ, నీకు చెబితే గోడకి చెప్పినట్టే, అందుకే చెప్తున్నా. మీ అత్తకి మాత్రం తెలియనివ్వకు. సాయంత్రానికల్లా గేటు దగ్గర కాపలావాడు కూడా పేరు పెట్టేస్తాడు."

నేను నవ్వాను. మూగీ అని ఎవరన్నా పిలిస్తే ఏడుపొస్తుంది. అక్క పిలిస్తే రాదు.

ఫిబ్రవరి 21

ఆయన వచ్చి చేతులు కూడా కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయారు. ఒంట్లో బాగాలేదేమో.

ఫిబ్రవరి 22

ఒంట్లో బాగానే ఉందట.

ఫిబ్రవరి 25

ప్లాంటు క్యాంటీన్ నుంచి ఒక డబ్బా నీళ్ళు భుజం మీద మోసుకొచ్చారు. "ఇక నుంచి తాగడానికి ఇవే" అన్నారు. పర్మనెంటు వాళ్ళ ఇళ్ళకి కుళాయిలున్నాయి. గోడ ఇవతల మా కాంట్రాక్టు వరసకి ఈ బావి ఒక్కటే. బావిలో నీళ్ళు తగ్గాయి, అడుగు బురద వస్తోంది, అందుకని కాబోలు.

అత్తయ్య ఒక్క గుక్క తాగి పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశారు.

"ఛీ, ప్లాస్టిక్కు కంపు! ఇవి తాగితే దాహం తీరదు సరికదా, ఇంకోటి పట్టుకుంటుంది."

"అమ్మా, చెప్పింది విను."

"ఎందుకు వినాలో చెప్పు, వింటా."

ఆయన నోరు తెరిచారు. మళ్ళీ మూసేశారు. నేనెప్పుడూ చేసే పని ఆయన చేస్తుంటే వింతగా అనిపించింది.

అత్తయ్య కుండలోకి ఎప్పటిలాగే బావి నీళ్ళే.

మార్చి 2

బావి నీళ్ళు వగరుగా ఉన్నాయంటున్నారు. "ఇన్నాళ్ళకి ఈ నీళ్ళకో రుచి వచ్చింది" అంటున్నారు అత్తయ్య. సబ్బు నురగ రావడం లేదు. ఎండలు ముదిరితే అంతేనట.

మార్చి 5

ఈరోజు నీళ్ళు తోడుతుంటే చేద గొలుసు చూశాను. పైన మనం పట్టుకునే చోట నల్లగానే ఉంది. నీళ్ళలో మునిగే చోట ఎర్రబడింది. చేద అంచు కూడా. చేద బావిలోనే వదిలేస్తాం కదా, ఎప్పుడూ నానుతూ ఉంటుంది. తుప్పు.

మార్చి 6

తుప్పే.

మార్చి 7

ఇనుముకి తుప్పు పట్టక ఏం పడుతుంది? అయితే తుప్పు చేతికంటుతుంది. గోటితో గీస్తే పొడి రాలుతుంది. ఇది రాలలేదు. మెరుస్తోంది.

మార్చి 8

ఆయనకి సెలవు. అత్తయ్య వార్తలు పంచడానికి వరస మీద పడ్డారు. నేను తలలోంచి పిన్ను తీసి ఆయన కంచం పక్కన పెట్టాను.

ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"గొలుసు చూశావా?"

తల ఊపాను.

"ఇంకెవరన్నా చూశారా?"

"అందరూ చూస్తున్నారు. తుప్పనుకుంటున్నారు."

"నువ్వూ అదే అనుకో."

నేను కదల్లేదు. అన్నం చల్లారిపోతోంది. అప్పుడు చెప్పారు, నాకు కాదు, కంచానికి చెబుతున్నట్టు.

కొన్ని నెలల కిందట ఒకరోజు గుట్ట అంచున పైపులు గాలికి లేచిపోతున్నాయట. వాటి మీద ఇసుకబస్తాలు పెట్టాలి, అదే పద్ధతి. బస్తాలు షెడ్డు నుంచి మోసుకురావాలి. సూపర్‌వైజరు పైన నిలబడి తొందరపెడుతున్నాడట. ఈయన అక్కడున్న ఇనుపమేకులు తీసుకుని అంచున దిగ్గొట్టి, పైపుని వాటికి కట్టేశారు. అంచున మట్టి మందంగా ఉంటుందనుకున్నారు. ఒక మేకు షీటులోకి దిగింది.

"దిగినప్పుడే తెలిసిందా?"

"చేతికి తెలిసింది. మట్టిలోకి దిగడం వేరు, షీటులోకి దిగడం వేరు. మేకు అక్కడే ఉంటే బొక్క మూసుకునే ఉంటుంది కదా అనుకున్నా. వదిలేశా."

"మరి?"

"పోయిన నెల చూస్తే మేకు లేదు. పైన తల మిగిలింది. కిందంతా ఆ నీళ్ళు తినేశాయి."

బస్సులో సీటు. ఆయనే చెప్పారు నాకు. ఆయనకే గుర్తు రాలేదు.

పోయిన నెల ఎవరూ చూడకుండా మట్టి తవ్వి, షీటు ముక్కకి బంక రాసి అతుకు వేశారట. ఇక దిగదట. దిగినవి మెల్లగా పలచబడిపోతాయట.

"చెప్పేయొచ్చుగా" అన్నాను. అంత పెద్ద మాట ఎలా అన్నానో నాకే తెలియదు.

"పోయినేడు వాల్వు కట్టేయడం మరిచినవాడికి ఏమైందో అమ్మనడుగు, కథలా చెబుతుంది. సామాను గేటు బయట పారేశారు. వాణ్ణి మళ్ళీ ఏ ప్లాంటులోనూ కాలు పెట్టనివ్వలేదు. మనకి వెనక ఏముంది చెప్పు? ఇల్లుందా, వాకిలుందా? మీ నాన్న దగ్గరికి ముగ్గురం పోయి కూర్చుందామా?"

నేను తల దించుకున్నాను.

"అమ్మకి అసలు తెలియకూడదు. అమ్మకి చెప్పడమంటే మైకు పెట్టడమే."

"అత్తయ్య ఆ నీళ్ళే తాగుతున్నారు."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయారు. పిన్ను కంచం పక్కనే ఉంది. తీసి అలమరలో పెట్టాను.

మార్చి 9

అతుకు వేశారు. ఆగిపోతుంది.

మార్చి 12

అత్తయ్య బయటికి వెళ్ళినప్పుడు ఆవిడ కుండ ఖాళీ చేసి డబ్బా నీళ్ళు పోశాను. వచ్చి గ్లాసు ముంచి, ఒక గుక్క పట్టి, కుండ మొత్తం పెరట్లో ఒంపేశారు.

"అమ్మాయ్, నా నోటికి మాటలే వచ్చనుకుంటున్నావా? రుచి కూడా వచ్చు."

మళ్ళీ బావికి వెళ్ళి తోడుకొచ్చారు. ఆ పట్టేసిన నడుముతోటి. నేను వెనకాలే వెళ్ళి చేద లాగాను. నేనే లాగాను. నా చేతులతో కుండ నింపి ఇచ్చాను. ఇంకేం చెయ్యాలి?

మార్చి 14

అక్క మంచం మీద ఉంది. ఏం తిన్నా కక్కేస్తోందట. కడుపుతో ఉన్నవాళ్ళకి వాంతులు కాక ఏమవుతాయి, అందరికీ అయ్యేవే. నా మేనత్తకి అయిదో నెల దాకా అయ్యాయి.

చివరింటి ముసలాయనకీ అవుతున్నాయట.

నిన్న అక్క తెల్లకోట్లు తడిపి ఆరేసింది. మడతల్లో లేత పచ్చ. "ఆసుపత్రివాళ్ళు నా ముఖాన కొడతారే. కొత్త గుడ్డ, రంగు దిగడమేమిటి?" అంది. నేను ఆ పచ్చని చూశాను. ఆయన చొక్కాల మీద రోజూ చూసే పచ్చ అది. గుడ్డదే లోపమేమో అన్నట్టు తల ఊపాను.

మార్చి 16

ఈరోజు అక్కకి చెప్పేస్తాను.

అదే రోజు, సాయంత్రం

వెళ్ళాను. కూర్చున్నాను. "ఏంటే మూగీ, ఏదో చెప్పాలని వచ్చావు" అంది. "తెల్లదారం ఉందా?" అన్నాను. ఇచ్చింది.

మార్చి 17

ఇవాళ కూడా దారమే.

మార్చి 18

నేను గుక్కెడు మంచినీళ్ళు తాగిన ప్రతిసారీ గోడ అవతల అక్క గ్లాసు చప్పుడు వినిపిస్తోంది. పలచటి గోడ. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు వినలేదా నేను?

గేటు దాటి మా నాన్న దగ్గరికి పోవాలనిపించింది. పాస్ కావాలి. పాస్ ఆయన అడగాలి. ఆయన్ని నేను అడగాలి.

మార్చి 19

వరసంతా కునుకు తీస్తున్న వేళ బావి దగ్గరికి వెళ్ళి, గిలక నుంచి గొలుసు విప్పి, చేదతో సహా బావిలోకి వదిలేశాను. పెద్ద చప్పుడైంది. ఇంట్లోకి పరుగెత్తి తలుపేసుకున్నాను.

చేద లేకపోతే ఎవరూ తోడరు. అంతే ఆలోచించాను. తెలివైన పని చేశాననుకున్నాను.

మార్చి 20

"దొంగముండాకొడుకులు, ఇనుమని చేద కూడా వదల్లేదు" అని అత్తయ్య పొద్దున్నే మొదలుపెట్టారు. కాపలావాడి మీద అనుమానం. వాడికీ వరస వాళ్ళకీ పెద్ద గొడవ. వాడు తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. పాపం.

మధ్యాహ్నానికి కొత్త నైలాన్ తాడు వచ్చింది, నీలంరంగు ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది. తేలిగ్గా ఉందని అందరికీ సంతోషం.

"ఇది తుప్పు పట్టదు" అంది అక్క.

ఇంక ఆ బావిలో ఎర్రబడడానికి ఏమీ లేదు. నేనే తీసేశాను.

మార్చి 22

అత్తయ్యకి కడుపులో నొప్పి. మెలికలు తిరిగిపోయారు. కాంపౌండరు వచ్చి తెల్లమాత్రలిచ్చాడు. అతను తలనొప్పికీ అవే ఇస్తాడు, తేలు కుట్టినా అవే ఇస్తాడు. ఆయన అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తుతూ ఉన్నారు.

"నీళ్ళివ్వరా" అన్నారు అత్తయ్య.

ఆయన డబ్బా నీళ్ళు ఇచ్చారు. ఆవిడ మూతి తిప్పేసుకున్నారు. "నా కుండలోవి."

ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. చివరికి ఆవిడే పాక్కుంటూ వెళ్ళి ముంచుకున్నారు. "ఇంట్లో ఇద్దరుండి గ్లాసు నీళ్ళకి దిక్కు లేదు" అన్నారు.

ఆయన పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మార్చి 23

అతుకు ఆగలేదు. ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. నలుపు ఊడిన ఇంకో పాత పిన్ను వెతికి, ఇటుకపొడితో తోమి, అత్తయ్య కుండలో వేశాను.

మార్చి 24

పొద్దున్నే తీసి చూశాను.

నేను నలుగురిలో మాట్లాడలేను. అది నాకు తెలుసు. కానీ నలుగురికీ చెప్పాల్సిన పని లేదు కదా, ఒక్క మనిషికి చెబితే చాలు. ఆ మనిషి ఇంట్లోనే ఉన్నారు. ఇన్నాళ్ళూ ఆయన ఎందుకు భయపడ్డారో, నేను అందుకే చెప్పాలనుకున్నాను. రేడియో వింటే సాయంత్రానికి వరసంతా వింటుంది. నేను నోరు విప్పక్కర్లేదు.

ఆయన డ్యూటీకి వెళ్ళాక ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. రెండు పిన్నులూ అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇది మీ అబ్బాయి చెరువులో ముంచి ఇచ్చింది. ఇది మీ కుండలోది."

మేకు సంగతి చెప్పాను. అతుకు సంగతి చెప్పాను. అక్క నెల తప్పిన సంగతి కూడా చెప్పేశాను. నేను అంతసేపు మాట్లాడడం ఆవిడ వినడం అదే మొదటిసారి. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక పిన్నులు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఏది ఏదో ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

"వాడికి తెలుసా, నాకు తెలిసినట్టు?"

"లేదు."

"చెప్పకు."

పక్కకి తిరిగి పడుకున్నారు.

మార్చి 25

పొద్దున్నుంచి ఆవిడ ఇల్లు కదల్లేదు. ఒక్క మాట లేదు. బావి దగ్గర అందరూ అడుగుతున్నారు. "రేడియోకి బ్యాటరీ అయిపోయిందా ఏంటే మూగీ?" అంది అక్క, చెంపలు పీక్కుపోయిన ముఖంతో నవ్వుతూ. కొత్త బకెట్టు లాగే ఓపిక లేక గట్టుకి ఆనుకుని నిలబడింది.

నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగుతున్నారు.

"అత్తయ్యా!"

"అరవకు. నేను మానేస్తే ఎందుకు మానేశావని నలుగురూ అడగరూ? ఊరంతా ఎరుగుదురు నా బావి పిచ్చి." గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నారు. "వాడొక్కడే నాకు. నువ్వు కూడా నోరు మూసుకో. నీకది బాగా వచ్చు కదా."

మార్చి 26

పొద్దున నీళ్ళ వేళ. బావి చుట్టూ అందరూ ఉన్నారు. రాళ్ళు చితక్కొట్టే క్రషర్ దగ్గర పనిచేసే మనిషి భార్య, చివరింటి ముసలాయన కోడళ్ళు, ఇంకా చాలామంది. అక్క వంతు వచ్చింది. తాడు అందుకుంది. నేను వెళ్ళి ఆ తాడు పట్టుకున్నాను.

"ఏంటే, నాకు లాగి పెడతావా? బతికించావు" అంది.

"తాగొద్దు" అన్నాను.

"ఏంటి?"

"ఈ నీళ్ళు తాగొద్దు."

ఎవరికీ వినపడలేదు. నాకే వినపడలేదు. ఒకామె "ఏమంటోంది?" అంది. ఇంకొకామె "తాడు కావాలట" అంది. నవ్వారు. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నా నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. "గుట్ట నీళ్ళు బావిలోకి దిగాయి! ఆసిడ్ నీళ్ళు! మీరందరూ అవే తాగుతున్నారు!"

నవ్వులు ఆగిపోయాయి. చెట్టు మీది కాకులు కూడా లేచిపోయాయి.

"దీనికేమన్నా గాలి సోకిందా?" అంది ఎవరో. అందరి తలలూ మా గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ అత్తయ్య నిలబడి ఉన్నారు, చంకలో కుండతో. "ఏం రేడియోమ్మా, నీ కోడలు ఏదేదో అంటోంది. నిజమేనా?"

ఆవిడ ఒక్క మాట అంటే చాలు. అది పిచ్చిదమ్మా, నాలుగు రోజుల నుంచి నిద్ర లేదు అంటే చాలు, అందరూ నమ్ముతారు. ఆవిడ మాట నమ్ముతారు గానీ నా మాట ఎవరు నమ్ముతారు? ఆవిడ నా వైపు చూశారు. నేను చూపు దించుకోలేదు. దించుకోవాలనుకున్నాను, మెడ వంగలేదు.

ఆవిడ మెల్లగా వచ్చారు. అక్క ముందు ఆగారు. అక్క కడుపు వైపు చూశారు. తర్వాత కుండ బోర్లించారు. నీళ్ళు గట్టు మీద పారి మా అందరి పాదాల కిందికి వచ్చాయి.

"నిజమే. మేకు కొట్టింది నా కొడుకే" అన్నారు.

రేడియో గొంతు కాదది. అయినా వరసంతా వినిపించింది.

మార్చి 27

ఆయన్ని నిన్న పొద్దున్నే ఆఫీసులో కూర్చోబెట్టారట. పొద్దుగూకాక వదిలారు. పని లేదు. నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. గుట్ట మీద నీళ్ళు ఆపేశారు. అందువల్ల కాంట్రాక్టు వాళ్ళెవరికీ పని లేదు, ఎప్పటిదాకానో తెలియదు. సూపర్‌వైజరు మేకుల సంగతి తనకి తెలియనే తెలియదన్నాడట.

ట్యాంకరు వచ్చింది. నా ముందున్నామె వెనక్కి తిరిగి, "ఇన్నాళ్ళు మూసుకున్న నోరు ఇంకో నెల మూసుకోలేకపోయిందా?" అంది. నేను బిందె తీసుకుని ఇంటికొచ్చేశాను.

అక్క గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆసుపత్రికి బయలుదేరుతోంది.

"నీకెప్పటి నుంచి తెలుసే?"

మూగీ అనలేదు.

"గొలుసు ఎర్రబడినప్పటి నుంచి" అన్నాను.

"దారం అడిగావు చూడు, అప్పటికే?"

తల ఊపాను. మాట్లాడాల్సింది. తల ఊపాను.

అక్క చెప్పులు వేసుకుని నన్ను తగలకుండా పక్క నుంచి వెళ్ళిపోయింది. దారపు ఉండలు రెండూ ఆమె కిటికీలో పెట్టి వచ్చాను.

మార్చి 28

ఆయన నాతో మాట్లాడడం లేదు.

మార్చి 29

మాట్లాడడం లేదు. సామాను సర్దుతున్నాను. ఏమంత ఉందని. ఎక్కడికి పోతామో తెలియకుండా సర్దడం ఇంత కష్టమని తెలియదు. పైన ఏది పెట్టాలి, అడుగున ఏది పెట్టాలి?

మార్చి 30

ఈరోజు అత్తయ్య బిందె తీసుకుని ట్యాంకరు దగ్గరికి తనే వెళ్ళారు. జనం చోటివ్వలేదు. ఆవిడ గొంతు ఇంట్లోకి వినిపించింది.

"నా కొడుకు బొక్క పెట్టాడు, నిజమే. అందుకని నేను దాహంతో చావాలా? ఆ నీళ్ళు మీ అందరికంటే ఎక్కువ తాగిందాన్ని నేనే. జరగండి!"

జరిగారనుకుంటాను. బిందె నిండుగా తెచ్చారు. దించుతూనే మొదలుపెట్టారు. "విన్నారా, కుట్టుమిషను దాని బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. డాక్టరమ్మ మిషను పెట్టి వినిపించిందట. గుర్రం పరుగెత్తినట్టుందట. చివరింటి ముసలాయన కూడా లేచి కూర్చున్నాడట, కోడళ్ళని తిడుతున్నాడట, అంటే ఇక పరవాలేదు."

నేను వంటింట్లోకి వెళ్ళి గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. అత్తయ్య గ్లాసు ముంచి ఆయన ముందు పెట్టారు.

"తాగరా."

"ముందు నువ్వు తాగు."

"నువ్వు తాగితేనే నేను తాగుతా."

ఆయన తాగారు. తర్వాత అత్తయ్య తాగారు. గుక్క తిప్పకుండా మొత్తం తాగి, ముఖం చిట్లించి, "ఛీ, ప్లాస్టిక్కు!" అన్నారు వరసంతా వినేలా.

ఆయన పెదవి కదిలింది. నవ్వనుకున్నాను. కాదు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నారు. ఆ చొక్కాకి మోచేతి దగ్గరంతా బొక్కలే.

కాసేపటికి బిందె దగ్గరికి జరిగి, మూడోసారి గ్లాసు ఆయనే ముంచారు. నా వైపు చూడలేదు. నేల మీద, నా పాదాల దగ్గర పెట్టారు.

కూర్చుని తాగాను.